ఇల్లు, అద్దె, పోలీస్ స్టేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్సైగా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. దొంగతనాల కన్నా, కొట్లాటల కన్నా ఎక్కువసార్లు నా టేబుల్ ముందుకొచ్చిన గొడవ ఇల్లే. ఓనరు ఒక కుర్చీలో, అద్దెకున్నాయన ఇంకో కుర్చీలో, ఇద్దరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కాగితాలు. ఇప్పటికీ చుట్టాలూ కాలనీవాళ్లూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను మనసులో పెట్టుకుని రాసినవివి. కొందరు అద్దె అంటారు, కొందరు కిరాయి అంటారు, గొడవ మాత్రం ఒకటే. కోర్టు దాకా వెళ్లేవాళ్లు ఇది చదివి ఆగిపోకుండా లాయరును కలవండి.

అద్దె ఇవ్వడం లేదు. కంప్లయింట్ ఇస్తే పోలీసులు ఇప్పిస్తారా?

ఇప్పించరు. ఇప్పించే అధికారం వాళ్లకు లేదు. అద్దె బాకీ సివిల్ విషయం. అద్దె కట్టకపోవడం ఒక్కటే నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో నీతూ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మోసం కేసు పెట్టాలంటే ఇంట్లో దిగిన రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. ఏడాదిపాటు సక్రమంగా కట్టి ఉద్యోగం పోయాక ఆపేసినవాడి మీద ఆ కేసు నిలబడదు.

బాకీ వసూలుకు సివిల్ కోర్టులో దావా వేయాలి. దానికి గడువు మూడేళ్లు. "పోనీలే, ఇస్తాడులే" అని నాలుగైదేళ్లు ఊరుకుంటే పాత నెలల బాకీలు ఒక్కొక్కటిగా గడువు దాటిపోతాయి. మొహమాటానికి గడువు పెంచే చట్టం లేదు.

కేసు వద్దు సార్, ఒక్కసారి పిలిచి గట్టిగా మాట్లాడండి చాలు అంటే?

నా సర్వీసులో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఓనర్లే కాదు, అద్దెకున్నవాళ్లూ అడిగేవారు. అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. కోర్టంటే ఏళ్లు పడుతుందన్న భయంతో వస్తారు. ఆ భయం అబద్ధమని నేను అనను.

కొత్తగా ఎస్సై అయినప్పుడు నేనూ గట్టిగా మాట్లాడాను. బట్టలు కుట్టుకునే ఒకాయన ఆరు నెలలుగా అద్దె ఇవ్వడం లేదని ఓనరు పిటిషన్ ఇచ్చాడు. పిలిపించి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టాను. తర్వాత గొంతు పెంచి నాలుగు మాటలన్నాను. మూడు రోజుల్లో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఓనరు స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు, స్టేషన్ అంతా పంచాం.

రెండు వారాల తర్వాత ఆ టైలరే మళ్లీ వచ్చాడు, చేతిలో పిల్లల లెక్కల నోటుబుక్కుతో. వెనక పేజీల్లో నెలనెలా ఓనరు సంతకాలు. చివరి రెండు నెలలకే సంతకం లేదు. ఆ రెండు నెలలూ ఓనరే డబ్బు తీసుకోనన్నాడట, ఎక్కువ అద్దెకు వేరేవాళ్లు దొరికారని. "ఆ రోజే ఎందుకు చూపించలేదయ్యా?" అన్నాను. "మీరు అడగలేదు సార్" అన్నాడు.

ఆ తర్వాత గట్టిగా మాట్లాడటం పూర్తిగా మానేశానని చెబితే అబద్ధమవుతుంది. పై నుంచి ఫోన్లు వస్తాయి, నాయకులు వస్తారు. కానీ ముందు కాగితాలు చూడటం మాత్రం అలవాటైంది. చట్టం ప్రకారం చూసినా సివిల్ తగాదాలో స్టేషన్‌కు పిలిపించి ఒత్తిడి చేయడం పోలీసుల పని కాదు. హైకోర్టులో రిట్ పడితే జవాబు చెప్పుకోవాల్సింది ఓనరు కాదు, ఆ ఎస్సై. మీకు సాయం చేస్తున్నాననుకునే కుర్రాడి ఉద్యోగం మీద పడుతుంది.

మరి స్టేషన్‌కు ఎప్పుడు రావాలి?

చేయి చేసుకున్నప్పుడు. చంపుతానని, సామాను తగలబెడతానని బెదిరించినప్పుడు. తాళం పగలగొట్టినప్పుడు, మీరు వేసిన తాళం మీద ఇంకో తాళం పడినప్పుడు. సామాను ఎత్తుకెళ్లినా, విరగ్గొట్టినా. ఆడవాళ్లతో అసభ్యంగా ప్రవర్తించినా, నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టినా. దొంగ కాగితాలతో ఒకే ఇంటిని ఇద్దరు ముగ్గురికి అద్దెకో లీజుకో చూపించి డబ్బు తీసుకున్నా.

ఇంట్లో ఎవరు ఉండాలన్నది కోర్టు తేలుస్తుంది. అది తేలేలోపు ఎవరూ ఎవరి మీదా చెయ్యి వేయకుండా చూడటం పోలీసుల పని. జనం ఈ రెండూ కలిపేస్తారు. నిజం చెప్పాలంటే మా వాళ్లూ కలిపేస్తారు.

ఊరెళ్లి వచ్చేసరికి ఓనరు తాళం వేసేశాడు. సామాను బయటపడేశాడు. ఏం చేయాలి?

ముందు మీరు తాళం పగలగొట్టకండి. ఫోన్‌తో వీడియో తీయండి: తాళం, తలుపు, బయటపడిన సామాను, పక్కింటివాళ్లు. 112కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లు వస్తారు. 100కు చేసినా ఫర్వాలేదు. ఆ కాల్ చేసిన టైమే తర్వాత మీకు సాక్ష్యం.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, అమల్లో ఉంది. మీకు హక్కున్న చోటికి మిమ్మల్ని వెళ్లనివ్వకపోవడం 126వ సెక్షన్. మీ స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి బెదిరించడానికో వేధించడానికో చొరబడటం 329. సామాను పాడుచేస్తే 324. ఎత్తుకెళ్లి అమ్ముకుంటే దొంగతనం, 303. ఇల్లు ఓనరుదే అయినా ఇవి వర్తిస్తాయి. ఆస్తి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉందన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు మీరైతే, కోర్టు ద్వారా తప్ప మిమ్మల్ని బయటికి పంపడానికి లేదు. లైసెన్సు, అంటే ఉండనిచ్చిన అనుమతి, గడువు ముగిసినా బలవంతంగా ఖాళీ చేయించకూడదని కృష్ణారామ్ మహాలే కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసు కేసుతో పాటు ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టినవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న చర్చే ఉండదు. బలవంతంగా వెళ్లగొట్టారా లేదా అన్నదే చూస్తారు. ఆరు నెలలు అన్నమాట గుర్తుంచుకోండి. స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఆ గడువు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

కరెంటు, నీళ్లు ఆపేస్తే?

తలుపుకు తాళం వేయకుండా ఖాళీ చేయించే ఉపాయం ఇది. ఎండాకాలం మీటర్ దగ్గర ఫ్యూజు పీకేస్తే వారంలో వాళ్లే పోతారన్న లెక్క. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే దీన్ని ఒప్పుకోదు. విద్యుత్ చట్టం 2003 ప్రకారం కనెక్షన్ అడిగే హక్కు ఓనరుకే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకూ ఉంది. ఓనరు ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో అద్దెకున్నవాళ్లకు కరెంటు నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఒక మాట. కరెంటు బిల్లు మీరు కట్టాల్సి ఉండి, కట్టక డిపార్ట్‌మెంటే కట్ చేస్తే అది ఓనరు తప్పు కాదు. స్టేషన్‌కు వచ్చేటప్పుడు బిల్లు కట్టిన రసీదు కూడా తెచ్చుకోండి. ఆ ఒక్క కాగితం లేక సగం కంప్లయింట్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఇల్లు నాదే కదా. అద్దెకిచ్చాక ఎప్పుడైనా లోపలికి వెళ్లవచ్చా?

చెప్పి వెళ్లండి. పైపు లీకవుతోందనో, గోడ చెమ్మ చూడాలనో వెళ్లడం వేరు. స్పేర్ తాళంచెవితో వాళ్లు లేనప్పుడు వెళ్లడం వేరు. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం 24 గంటల ముందు చెప్పాలంటుంది. అది నమూనా చట్టం, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతుంది. అయినా ఆ 24 గంటల మాటను అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరూ అడ్డుపడరు. నేనైతే రాసుకోమంటాను.

అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించే సరైన దారి ఏమిటి?

తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం ఉంది. దాని కింద రెంట్ కంట్రోలర్ ముందు పిటిషన్ వేయాలి. అద్దె ఎగవేత, అనుమతి లేకుండా వేరేవాళ్లకు అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం ఉండటం లాంటి కారణాలు చూపించాలి. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో ఒక గది కూడా అంతకు రాదు. కాబట్టి మీ కేసు దాదాపుగా మామూలు సివిల్ కోర్టుకే వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో అద్దెలకు వేరే చట్టం చేశారు. అక్కడివాళ్లు లాయరును ఆ చట్టం గురించి ప్రత్యేకంగా అడగాలి.

సివిల్ కోర్టు దారి ఇలా ఉంటుంది. నెలవారీ అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు, వీలైతే లాయరు ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో. ఆ గడువులో ఖాళీ చేయకపోతే దావా. డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వచ్చాక కూడా మీరు వెళ్లి తాళం పగలగొట్టకూడదు. తీర్పు అమలుచేసే కోర్టు ఉద్యోగి, అమీను, వస్తాడు. అవసరమైతే కోర్టే పోలీసు సాయం ఇమ్మని ఉత్తర్వు ఇస్తుంది. అప్పుడు మేం తప్పకుండా వస్తాం. అక్కడ గట్టిగా మాట్లాడాల్సి వస్తే మాట్లాడతాం కూడా.

పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోయింది. ఇక అతను అక్రమంగా ఉన్నట్టే కదా?

కాదు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ లెక్కతోనే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు; మన రెండు రాష్ట్రాల్లో మాత్రం 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. గడువు తర్వాత కూడా మీరు అద్దె తీసుకుంటూ పోతే నెలవారీ అద్దెగా కొనసాగుతున్నట్టే చూస్తారు. నోటీసు ఇవ్వాల్సిందే. అగ్రిమెంట్ గడువు ముగిసిన మర్నాడే ట్రెస్‌పాస్ (అక్రమ ప్రవేశం) కేసు పెట్టమని వచ్చేవాళ్లకు నేను చెప్పిన జవాబు ఇదే.

పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందటగా?

పుకారు. ఈ భయంతోనే మంచి కుటుంబాలను మూడేళ్లకోసారి ఖాళీ చేయించే ఓనర్లు ఉన్నారు. పన్నెండేళ్ల లెక్క అసలు యజమానికి వ్యతిరేకంగా, తనదేనని బాహాటంగా చెప్పుకుంటూ ఉన్నవాళ్లకు సంబంధించింది. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్నవాళ్లు ముప్పై ఏళ్లున్నా అద్దెకున్నవాళ్లే. అందుకు రుజువు అగ్రిమెంట్, అద్దె చెల్లింపులు. పాతికేళ్లుగా నోటిమాట మీద, రసీదు లేకుండా చేతికి డబ్బు తీసుకున్న ఓనరు మాత్రం కొంచెం టెన్షన్ పడాల్సిందే.

అడ్వాన్సు తిరిగి ఇవ్వడం లేదు.

ఇదీ సివిలే. కానీ దీనికి నాకు ఓనర్ల మీద ఎక్కువ కోపం వస్తుంది. రంగులు, మేకు రంధ్రాలు, పగిలిన టైలు అని చెప్పి అడ్వాన్సు మొత్తం మింగేసే అలవాటు ఉంది. దిగే రోజే ఇల్లంతా వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజు మళ్లీ తీయండి. రంగుల ఖర్చు ఎవరిదో, ఎంతో అగ్రిమెంట్‌లోనే రాసుకోండి.

డబ్బు రాకపోతే లీగల్ నోటీసు ఇవ్వండి. అప్పటికీ రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. అక్కడి అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. ఉచిత న్యాయసాయం ఫోన్ నంబరు 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఆ సాయం అందుతుంది.

అద్దెకు వచ్చేవాళ్ల వివరాలు పోలీసులకు ఇవ్వాలా?

ఇవ్వడం మంచిది. కొన్నిచోట్ల కమిషనర్లు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 163వ సెక్షన్ కింద తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిస్తారు. ఆ ఉత్తర్వు ఉన్నచోట పాటించకపోతే కేసవుతుంది. తెలంగాణలో పోలీసుల హాక్‌ఐ యాప్‌లో కూడా వివరాలు నమోదు చేసే ఏర్పాటు ఉంది. విదేశీయులకు ఇస్తే మాత్రం 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి. అది తప్పించుకోవడానికి వీల్లేదు.

వెరిఫికేషన్ అంటే పోలీసులు మంచివాడని సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. రేపు ఏదైనా జరిగితే ఆ మనిషి ఎవరో, ఎక్కడివాడో తెలియడానికి. ఫొటో, పనిచేసే చోటు, సొంతూరి చిరునామా, ఊళ్లో ఒకరి ఫోన్ నంబరు తీసుకోండి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ తీసుకోండి. అద్దెకు దిగేవాళ్లకు కూడా ఒక మాట: కాపీ మీద "ఇంటి అద్దె కోసం మాత్రమే" అని తేదీ వేసి ఇవ్వండి. ఆధార్ కాపీలు బ్రోకర్ల సెల్‌ఫోన్లలో తిరుగుతుంటాయి.

బ్యాచిలర్లకు ఇవ్వొద్దని పోలీసులే చెబుతున్నారట, నిజమేనా?

అలాంటి చట్టం లేదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఫ్యామిలీ ముసుగులో పేకాట క్లబ్బు నడిపినవాళ్లను పట్టుకున్నాను, పరీక్షలకు చదువుకుంటూ కాలనీలో దొంగను వెంటాడి పట్టించిన బ్యాచిలర్లనూ చూశాను. ఎవరికివ్వాలో ఓనరు ఇష్టం. మా పేరు మాత్రం వాడకండి.

అద్దెకున్నవాళ్లు గంజాయి అమ్ముతూ దొరికితే ఓనరు మీద కేసవుతుందా?

తెలిసి అనుమతిస్తే అవుతుంది. మాదకద్రవ్యాల చట్టంలో 25వ సెక్షన్ ఉంది. వ్యభిచార గృహానికి తెలిసి ఇల్లిస్తే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఉంది. రెండింటిలోనూ కీలకం "తెలిసి" అన్న మాట. తెలియదని చెప్పేవాళ్లు వివరాలు తీసుకుని ఉంటే, అనుమానం రాగానే ఫోన్ చేసి ఉంటే ఆ మాట నమ్మేలా ఉంటుంది. మార్కెట్ రేటుకు రెట్టింపు అద్దె తీసుకుని, అగ్రిమెంట్ లేకుండా, పేరు కూడా సరిగ్గా తెలియని మనిషికి ఇల్లిచ్చాక తెలియదంటే ఎవరు నమ్ముతారు?

అద్దెకున్నాయన తాళం వేసి మాయమయ్యాడు. మూడు నెలలైంది.

పగలగొట్టకండి. లోపల ఐదు తులాల బంగారం ఉండేదని అతను తర్వాత వచ్చి అంటే మీ దగ్గర జవాబు ఉండదు. స్టేషన్‌లో రాసివ్వండి, ఆ సమాచారం జనరల్ డైరీలో నమోదై ఉంటుంది. సొంతూరి చిరునామాకు నోటీసు పంపండి. ఆ తర్వాత కోర్టు ద్వారా తెరిపించుకోండి. లోపల నుంచి వాసన వస్తోందనో, మనిషి లోపలే ఉన్నాడేమోననో అనుమానం వస్తే అది వేరే విషయం. వెంటనే 112కు చేయండి. పెద్దమనుషుల సమక్షంలో పోలీసులే తెరుస్తారు.

అద్దె ఇంటికి శవాన్ని తీసుకురానివ్వకపోతే?

ఈ ప్రశ్న ఎవరూ ముందుగా అడగరు. ఆసుపత్రి నుంచి అంబులెన్స్ బయల్దేరాక అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. ఓనరు గేటుకు తాళం వేశాడు, ఇంటికి అరిష్టమంటున్నాడు, శవం రోడ్డు మీద ఉంది.

ఇలాంటి ఫోన్లకు నేనే స్వయంగా వెళ్లేవాణ్ని. అద్దె కడుతున్నంతకాలం ఆ ఇంట్లోకి వెళ్లే హక్కు ఆ కుటుంబానికి ఉంది. గేటు మూసి ఆపితే 126వ సెక్షనే. కానీ ఆ సమయంలో సెక్షన్ చదివితే పని జరగదు. ఒకసారి ఒక పెద్దావిడ గేటు తీయనే తీయనంది. ఆమె భర్త అదే ఇంట్లో పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. "అమ్మా, అయ్యగారిని ఎక్కడ పడుకోబెట్టారు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాళంచెవి నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. దినాలు అయ్యేదాకా ఆ కుటుంబం అక్కడే ఉంది.

అందరూ ఆవిడలా మారరు. మారనివాళ్లకు కేసు గురించి చెప్పాను, గేటు తీయించాను. అది సివిల్ తగాదా కాదు కాబట్టి ఆ గట్టిమాటలకు నాకు ఏ బాధా లేదు.

భర్త వదిలేసి వెళ్లాడు. అగ్రిమెంట్ ఆయన పేరు మీద ఉంది. ఓనరు నన్ను వెళ్లిపొమ్మంటున్నాడు.

గృహహింస చట్టం 2005 ప్రకారం భర్తతో కలిసి ఉన్న అద్దె ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కిందికే వస్తుంది. మిమ్మల్ని అక్కడి నుంచి పంపకుండా, లేదా వేరే ఇంటికి భర్తే అద్దె కట్టేలా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసరును కలవండి. ఈలోపు అద్దె మీ ఖాతా నుంచి పంపగలిగితే పంపండి, ఓనరు నోట మాట రాదు.

హాస్టల్ గదిలో రహస్య కెమెరా కనిపించింది.

ముట్టుకోకండి, తీసేయకండి. ఫొటో తీసి గది మూసి స్టేషన్‌కు రండి. బీఎన్‌ఎస్ 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు పడుతుంది. ఇది రాజీ కుదుర్చుకునే విషయం కాదు. హాస్టల్ పేరు పోతుందని ఎవరైనా డబ్బిస్తామంటే ఆ మాట కూడా కంప్లయింట్‌లో రాయండి.

టూలెట్ యాడ్ పెట్టగానే ఆర్మీ ఆఫీసరునంటూ ఒకాయన అడ్వాన్సు పంపుతానన్నాడు.

క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడా? పెట్టేయండి ఫోన్. డబ్బు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎక్కడా ఉండదు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి.

రాత్రిళ్లు పై పోర్షన్‌లో గోల. పోలీసులు వస్తారా?

సౌండ్ సిస్టమ్ అయితే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ఫోన్ చేస్తే వస్తారు. పిల్లలు పరిగెత్తడం, రోట్లో దంచడం అయితే మీరే మెట్లెక్కి మాట్లాడుకోండి.

కార్డన్ సెర్చ్ పేరుతో పోలీసులు తెల్లవారుజామున అన్ని ఇళ్లూ వెతుకుతారు. అది సరైందేనా?

నేనూ చేశాను. రెండొందల మంది పోలీసులతో బస్తీని చుట్టుముట్టి తెల్లారేలోపు ఇల్లిల్లూ తట్టడం. చివరికి చూస్తే కాగితాలు లేని బైకులు, కొన్ని సిలిండర్లు. పాత నేరస్తుడు దొరికిన రోజులూ ఉన్నాయి, కాదనను. కానీ అద్దెకున్న పేదవాళ్ల బస్తీల్లోనే ఎందుకు చేస్తాం, గేటెడ్ కమ్యూనిటీల్లో ఎందుకు చేయం అన్న ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదాను వీడియో తీయాలి. మీ ఇంట్లోకి వస్తే కారణం అడగండి, పేరు చూడండి. మర్యాదగా అడిగితే మర్యాదగానే చెప్పాలి.

నా లెక్కలో బీట్ కానిస్టేబుల్‌ను రోజూ ఒకే వీధికి పంపితే సగం కార్డన్ సెర్చ్‌లు అక్కర్లేదు. ఏ ఇంట్లో కొత్తవాళ్లు దిగారో ఇస్త్రీ బండివాడికి తెలుసు, కిరాణా కొట్టాయనకు తెలుసు. వాళ్లు పోలీసుకు చెప్పాలంటే ముందు ఆ పోలీసు పేరు వాళ్లకు తెలియాలి. మనమేమో ఆ కానిస్టేబుల్‌నే వారానికి నాలుగు రోజులు బందోబస్తులకు పంపుతాం.

స్టేషన్‌లో కంప్లయింట్ తీసుకోకపోతే?

విచారణార్హమైన (కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా కేసు పెట్టగల) నేరం ఉంటే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. మా పరిధి కాదనడానికీ లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాయకపోతే అదే కంప్లయింట్‌ను పోస్టులో ఎస్పీకి పంపండి. కమిషనరేట్ అయితే డీసీపీకి. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి.

రాసేటప్పుడు మాత్రం ఇరవై ఏళ్ల కథ రాయకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు. ఓనరు గుణగణాలు అక్కర్లేదు. నాలుగు పేజీల కంప్లయింట్‌లో అసలు నేరం మూడో పేజీ చివర్లో దొరికిన రోజులున్నాయి. అప్పటికి డ్యూటీ ఆఫీసరు "ఇది సివిల్" అని మనసులో అనేసుకుంటాడు.

స్టేషన్‌లో రాసుకున్న రాజీ కాగితం చెల్లుతుందా?

ఇద్దరూ మనస్ఫూర్తిగా రాసుకుంటే ఒప్పందంగా చెల్లుతుంది. భయపెట్టి రాయించారని రుజువైతే కాంట్రాక్టు చట్టం ప్రకారం దాన్ని రద్దు చేయించుకోవచ్చు. స్టేషన్ బల్ల మీద రాసిన కాగితం మీద ఆ అనుమానం ఎప్పుడూ ఉంటుంది. బయటికి వెళ్లి టీ తాగి, ఎవరి ఇంట్లోనైనా కూర్చుని రాసుకోండి.

ఇంతకీ మీరు ఓనరా, అద్దెకున్నారా?

సర్వీసంతా అద్దెకే. ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతి ఊళ్లో "పోలీసోళ్లకు ఇవ్వం" అన్న మాట విన్నాను. లాయర్లకూ అదే మాట చెబుతారట, అది విని కొంచెం ఊరట కలిగేది. ఒకచోట నా భార్య వెళ్లి నేను టీచరునని చెప్పి ఇల్లు మాట్లాడింది. యూనిఫాంలో మొదటిసారి మెట్లు దిగుతుంటే ఓనరు మొహం చూడాల్సింది.

ఇప్పుడు కింద మేం, పైన ఒక కుర్రాడు భార్యాబిడ్డలతో. పదకొండు నెలల అగ్రిమెంట్, రెండు నెలల అడ్వాన్సు, రంగుల ఖర్చు నాది అని రాసుకున్నాం. మొన్న నీళ్ల మోటారు నేను వేయడం మర్చిపోయానని అతనికి కోపం వచ్చింది. మెట్లు దిగొచ్చి, "అంకుల్, ఒకసారి గట్టిగా మాట్లాడుకుందాం" అన్నాడు.